ఏడు సంతకాలు, ఒక నంబరు

మా ఊరి గ్రంథాలయ సంఘానికి ఒక రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనకాల గుడ్డ అతికించి దాచిన కాగితం. ఈ సంఘం 1860వ సంవత్సరపు 21వ ఆక్టు కింద రిజిస్టరు చేయబడినదని దానిమీద ఉంటుంది. 1950ల నాటిది. సంతకం చేసిన రిజిస్ట్రారు గానీ, మెమొరాండంలో పేర్లున్న ఏడుగురు గానీ ఇవాళ లేరు. నిరుడు వానాకాలంలో గ్రంథాలయం స్లాబు కారి రెండు బీరువాల పుస్తకాలు తడిశాయి. సంఘం కార్యదర్శి, హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన మాస్టారు, ఆ సర్టిఫికెట్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఊరికి దగ్గర్లో ఉన్న ఒక ఫ్యాక్టరీకి వెళ్ళారు. సీఎస్ఆర్ కింద కంపెనీలు డబ్బిస్తాయని ఎవరో చెప్పారట. అక్కడ ఆ వ్యవహారం చూసే కుర్రాడు మర్యాదగానే కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "సార్, మీ సీఎస్ఆర్-1 నంబర్ ఎంత?" అని అడిగాడు.

ఆ సాయంత్రం మాస్టారు నాకు ఫోన్ చేశారు. "ఒరేయ్, మన సర్టిఫికెట్ మీద నంబరుంది కదరా. అది పనికిరాదంటాడేంటి?"

నేను కంపెనీల కాగితాల పని చేస్తాను కాబట్టి ఆ ప్రశ్న నాకు వచ్చింది. సీఎస్ఆర్-1 అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేశాను. కానీ ఆయన అడిగింది అది కాదనిపించింది. ఒకసారి ప్రభుత్వం దగ్గర పేరు రాయించుకున్న సంఘం, డెబ్భై ఏళ్ళు బతికాక, తానున్నానని మళ్ళీ ఎందుకు చెప్పుకోవాలి? దీనికి జవాబు చెప్పాలంటే ఆ 1860 దగ్గరికే వెళ్ళాలి.

ఆ ఏడాది కలకత్తాలో చట్టాలు గుట్టగా వచ్చాయి. శిక్షాస్మృతి 45వ చట్టం. జేమ్స్ విల్సన్ తెచ్చిన తొలి ఆదాయపు పన్ను 32వ చట్టం. వాటికన్నా ముందు, మే 21న, ఈ సొసైటీల చట్టం. 1857 తిరుగుబాటు జరిగి మూడేళ్ళే అయింది కాబట్టి, నలుగురు కూడే ప్రతిచోటా కన్నేసి ఉంచడానికే దీన్ని తెచ్చారని స్వచ్ఛంద సంస్థల శిక్షణ తరగతుల్లో తరచుగా చెబుతుంటారు. వినడానికి బావుంటుంది గానీ, చట్టం చదివితే నాకలా అనిపించలేదు. ఇంగ్లండులో 1854లో సాహిత్య, విజ్ఞాన సంస్థల కోసం చేసిన చట్టానికి ఇది చాలావరకు అనుసరణ. కన్నేసేవాడు రాసుకునే అధికారాలేవీ ఇందులో లేవు. ఏడుగురు మనుషులు కలవాలి. సంఘం పేరు, ఉద్దేశాలు, కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులు ఒక మెమొరాండంలో రాసి సంతకాలు పెట్టాలి. ముగ్గురు ధ్రువీకరించిన నియమావళి నకలు జతచెయ్యాలి. యాభై రూపాయలు కట్టాలి, ప్రభుత్వం తగ్గిస్తే అంతకన్నా తక్కువ. అప్పుడు రిజిస్ట్రారు సర్టిఫికెట్ ఇవ్వాలి. అంతకుముందు మీరు ఏం చేశారని గానీ, డబ్బు ఎక్కణ్ణించి తెస్తారని గానీ అడిగే సెక్షన్ ఒక్కటీ లేదు. ఏటా సర్వసభ్య సమావేశం అయ్యాక పద్నాలుగు రోజుల్లో కొత్త కార్యవర్గం జాబితా పంపాలి, అంతే.

నాకు అన్నిటికన్నా నచ్చింది 19వ సెక్షన్. ఒక్క రూపాయి కట్టి ఎవరైనా సరే ఏ సంఘం కాగితాలైనా చూసుకోవచ్చు. లెక్క అడగాల్సింది సర్కారు కాదు, జనం అన్న ఊహ ఏదో ఆ సెక్షన్‌లో ఉంది.

ఆ చట్టం తీర్చిన చిక్కు చిన్నదేం కాదు. అంతకుముందు సంఘమంటే కోర్టు దృష్టిలో కొంతమంది మనుషుల గుంపు. ఆస్తి ఎవరో ఒకరి పేరిట ఉండాలి, ఆయన పోతే వారసుల బేరం మొదలు. మద్రాసులో పచ్చయప్ప మొదలియార్ ధర్మాలకని ఆస్తి రాసి 1794లో పోతే, ఆ డబ్బు కోర్టు తగాదాల్లో దశాబ్దాలపాటు నలిగి, ఆయన పేరిట బడి తెరిచేసరికి 1842 వచ్చింది. ఆ మద్రాసులోనే తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనర్సు శెట్టి 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టి పార్లమెంటుకి మహజర్లు పంపాడు. పేరుకి అది పెద్ద సంస్థ, కానీ అలాంటి సంఘాలు తమ పేరుతో దావా వెయ్యడానికి గానీ, ఆస్తి పెట్టుకోవడానికి గానీ అప్పటికి సులువైన దారి లేదు. 1860 చట్టం ఆ దారి వేసింది. ఆస్తి కార్యవర్గానిది, దావా అధ్యక్షుడి పేరో కార్యదర్శి పేరో పెట్టి నడుస్తుంది, సంఘం రద్దయితే మిగిలినది సభ్యులు పంచుకోకూడదు, మరో సంఘానికి పోవాలి. ఎలాంటి సంఘాలు రిజిస్టరు కావచ్చో చెప్పే 20వ సెక్షన్‌లో సైనికుల అనాథ నిధులు, మ్యూజియాలు, చిత్రశాలలతో పాటు గ్రంథాలయాలూ పఠన మందిరాలూ ఉన్నాయి.

ఇంకో సంగతి. ఈ కాగితాలు దాఖలు చెయ్యాల్సింది జాయింట్ స్టాక్ కంపెనీల రిజిస్ట్రారు దగ్గర. కంపెనీలకి 1857లో చేసిన చట్టంతో ఆ అధికారి అప్పటికే ఉన్నాడు. లాభం కోసం కలిసేవాళ్ళకీ ధర్మం కోసం కలిసేవాళ్ళకీ ఒకే గుమ్మం. ఈ గుమ్మం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన దగ్గర తొలితరం సంస్కర్తలకి ఈ రిజిస్ట్రేషన్లు పెద్ద విషయం కాదు. మనుషులే పూచీ. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వెనకాల కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి డబ్బుంది. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే అది వ్యాపారి సొమ్ము సామాజిక కార్యానికి రావడమే. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉన్నది పరిచయం, నమ్మకం, ఆపైన ఊరంతా కలిసి తిట్టిన తిట్లు. కానీ మనిషి మీద నిలిచిన పని మనిషితో పోతుందని వీరేశలింగంగారికి తెలుసు. 1906లో హితకారిణీ సమాజం పెట్టి తన ఆస్తి దానికి రాసిచ్చారు. ఆయన పోయింది 1919లో. అంటే పదమూడేళ్ళ ముందే తాను లేని రోజుకి ఏర్పాటు చేసుకున్నారన్నమాట.

గ్రంథాలయోద్యమం వచ్చాక సంఘాలు ఊరూరా పుట్టాయి. బెజవాడలో 1911లో రామ్మోహన్ గ్రంథాలయం. 1914 ఏప్రిల్‌లో అదే ఊళ్ళో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. మా ఊరి సంఘం ఆ చెట్టుకి చాలా తర్వాత కాసిన చివరి కాయల్లో ఒకటి. అలాంటి సంఘాల మినిట్స్ పుస్తకాలు తిరగేస్తే ఒక ధోరణి కనిపిస్తుంది. మొదటి సమావేశంలో పేరు పెడతారు, రెండోదానికి చందాలు, ఎవరైనా స్థలం ఇస్తానన్నప్పుడు మాత్రమే "సంఘమును రిజిష్టరు చేయించవలెనని" తీర్మానం. స్థలం రాయడానికి ఒక పేరు కావాలి కాబట్టి రిజిస్ట్రేషన్. అవసరం సంఘానిది, సర్కారుది కాదు.

ఇదంతా సర్కారు జిల్లాల కథ. నిజాం రాజ్యంలో అడిగే ప్రశ్న వేరు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే పుట్టింది, కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా, రావిచెట్టు రంగారావుగారు కలిసి పెట్టినది. భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలి 1906లో. సంఘాలు లేవని కాదు. కానీ 1920ల్లో పేరుమోసిన గస్తీ నిషాన్ 53 ప్రకారం బహిరంగ సభ జరగాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. 1921లో వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకట రామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గోల చేశారు, ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అక్కణ్ణించి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం దాకా ప్రతి అడుగులోనూ అనుమతి గొడవే. రిజిస్ట్రేషన్‌కీ అనుమతికీ తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది. రిజిస్ట్రేషన్ అంటే "మేం ఉన్నాం, రాసుకోండి" అని మనం చెప్పడం. అనుమతి అంటే "మమ్మల్ని ఉండనివ్వండి" అని అడగడం.

హైదరాబాదు సంస్థానానికి పబ్లిక్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది 1350 ఫస్లీలో, అంటే 1940-41 ప్రాంతంలో. కలకత్తా చట్టానికి ఎనభై ఏళ్ళ తర్వాత. 1956లో రాష్ట్రం కలిసినా ఈ రెండు చట్టాలూ కలవలేదు. ఆంధ్ర ప్రాంతంలో 1860దీ, తెలంగాణలో 1350 ఫస్లీదీ, పక్కపక్కనే నలభై అయిదేళ్ళు నడిచాయి. 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, ఆ ఏటి 35వ చట్టం, రెండింటినీ తీసేసి ఒకటి చేసింది. అది వచ్చి పదమూడేళ్ళకి రాష్ట్రమే రెండయింది! ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ అదే చట్టం. కనీసం ఏడుగురు అన్న లెక్క మాత్రం 1860 నుంచీ మారలేదు. ఇవాళ సంఘాన్ని రిజిస్టరు చేసేది రిజిస్ట్రేషన్ శాఖ జిల్లా రిజిస్ట్రారు, కంపెనీల రిజిస్ట్రారు కాదు. గుమ్మాలు వేరుపడ్డాయి.

(మా వైపు ఊళ్ళలో "సొసైటీ" అంటే ఎరువుల బస్తాలిచ్చే సహకార సంఘమే. మాస్టారు "మన సొసైటీ సర్టిఫికెట్" అని మొదట ఫోన్‌లో అన్నప్పుడు నేను కూడా పంట రుణం గొడవేమో అనుకున్నాను. అది 1904లో మొదలైన వేరే చట్టాల కుటుంబం, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.)

సంఘాన్ని "నువ్వెవరు" అని కాక "నువ్వు చేసేది నిజంగా ధర్మమేనా" అని అడిగినవాడు రిజిస్ట్రారు కాదు, పన్ను అధికారి. 1886 ఆదాయపు పన్ను చట్టం ధర్మకార్యాలకి, మతకార్యాలకి వినియోగమయ్యే ఆస్తి మీది ఆదాయాన్ని మినహాయించింది. 1922 చట్టంలో ధర్మమంటే పేదలకు సాయం, చదువు, వైద్యం, ఆపైన "ప్రజలందరికీ ఉపయోగపడే మరే ఉద్దేశమైనా" అని చెప్పారు. ఈ ఆఖరి ముక్క చుట్టూ వందేళ్ళుగా వకీళ్ళు బతుకుతున్నారు. అందులో తెలుగువాళ్ళ వాటా కూడా ఉంది. మద్రాసులోని ఆంధ్రా ఛాంబర్ ఆఫ్ కామర్స్ తన భవనం మీది ఆదాయానికి పన్ను మినహాయింపు అడిగింది. వర్తకుల సంఘం ధర్మసంస్థ ఎలా అవుతుందని పన్ను శాఖ. చట్టాలు చెయ్యమనీ వద్దనీ ప్రభుత్వాన్ని అడుగుతామని మీ ఉద్దేశాల్లో ఉంది, అది రాజకీయం కదా అని కూడా అంది. 1964లో సుప్రీంకోర్టు ఛాంబర్ వైపే తీర్పిచ్చింది. వర్తక వాణిజ్యాల అభివృద్ధి అందరికీ మేలే, మిగతాది దానికి అనుబంధం అని. ధర్మం నిర్వచనం గురించి ఎవరు మాట్లాడినా ఇప్పటికీ ఈ తీర్పు తగులుతుంది.

ఇందులో గమనించాల్సింది, అప్పటికి ఇది తర్వాత తేలే లెక్క. ఆదాయం వచ్చాక, మినహాయింపు అడిగాక, అధికారి కాదంటే వాదన. ముందస్తు రిజిస్ట్రేషన్ వచ్చింది 1973 ఏప్రిల్ నుంచి, 12ఎ సెక్షన్‌తో. మొదట్లో అది ఒక దరఖాస్తు, అంతే. 1997లో 12ఎఎ వచ్చి, కమిషనర్ విచారించి తృప్తిపడితేనే ఇవ్వొచ్చు, లేకపోతే తిరస్కరించొచ్చు అయింది. 2021 ఏప్రిల్ నుంచి 12ఎబి. ఒకసారి వస్తే శాశ్వతమనుకున్న రిజిస్ట్రేషన్ అప్పట్నుంచి అయిదేళ్ళకోసారి మళ్ళీ చేయించుకోవాల్సి వచ్చింది. దాతలకి మినహాయింపునిచ్చే 80జి కూడా అంతే. పాత సంస్థలన్నీ మళ్ళీ వరసలో నిలబడ్డాయి, గడువు చాలాసార్లు పొడిగించారు. ఇప్పుడు 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఆ సెక్షన్ల నంబర్లూ మారాయి.

ఇక కంపెనీల డబ్బు. టాటాలు 1892లో చదువుల ఎండోమెంట్ పెట్టారు, తర్వాత రతన్ టాటా, దొరాబ్జీ టాటా ట్రస్టులు. అది ఇంటి పెద్దల దానం. కంపెనీ ఖాతాలోంచే స్వచ్ఛంద సంస్థకి డబ్బు పోయే ఏర్పాటు 2013లోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ జనతా ప్రభుత్వం 1977, 78 బడ్జెట్లలోనే ఇలాంటి పని చేసింది. 35సిసి, 35సిసిఎ అని రెండు సెక్షన్లు. గ్రామీణాభివృద్ధి పనులకి కంపెనీ తాను ఖర్చుపెట్టినా, ఆమోదం ఉన్న స్వచ్ఛంద సంస్థకి ఇచ్చినా, మొత్తాన్ని ఖర్చు కింద చూపించుకోవచ్చు. అయిదారేళ్ళు నడిచింది. ఈలోగా ప్రభుత్వం మారింది. జేపీ ఉద్యమానికి దగ్గరగా ఉన్న గాంధేయ సంస్థల మీద 1982లో కుదాల్ కమిషన్ వేశారు. 1983 బడ్జెట్‌తో ఆ రాయితీ స్వచ్ఛంద సంస్థలకి మూసుకుపోయి, ప్రభుత్వ గ్రామీణాభివృద్ధి నిధి వైపు మళ్ళింది. ఈ రెండు సంగతులకీ సూటిగా ముడి ఉందని నిరూపించే కాగితం నేను చూపించలేను, కానీ కాలం మాత్రం ఒకటే. సంస్థల దగ్గరున్న డబ్బు గురించి ఢిల్లీ అనుమానపడటం అంతకుముందు, ఎమర్జెన్సీలో 1976 నాటి విదేశీ విరాళాల చట్టంతోనే మొదలైంది. స్వదేశీ డబ్బుదీ చివరికి అదే దారి.

2013 చట్టం కథలో హైదరాబాదుకి ఒక పాత్ర ఉంది, గర్వపడేది కాదు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు రాసిన ఉత్తరంతో, కంపెనీ లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని దేశానికి తెలిసింది. గోదావరి జిల్లాల్లో చాలామందికి మాత్రం ఆయన పేరు అప్పటికే వేరే విధంగా తెలుసు. 2001లో పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ ఊళ్ళలో మంచినీళ్ళ ప్లాంట్లు, వైద్యం నడిపేది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు కూడా ఆ కుటుంబం పెట్టిన సంస్థదే. ఉత్తరం బయటికొచ్చిన వారం మా చిన్నాన్న అన్న మాట గుర్తుంది. "లెక్కలు దొంగవైతే అవనీ, నీళ్ళు మంచివే కదా." ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. 108ని తర్వాత జీవీకే తీసుకుంది, బళ్ళు ఆగలేదు.

కొత్త కంపెనీల బిల్లు ఆ ఆగస్టులోనే పార్లమెంటు ముందుకొచ్చింది. యశ్వంత్ సిన్హా నేతృత్వంలోని స్థాయీ సంఘం 2010లో దాన్ని పరిశీలించి, సామాజిక బాధ్యతని చట్టంలోకి తెమ్మంది. లోక్‌సభ 2012 డిసెంబరులో, రాజ్యసభ 2013 ఆగస్టులో ఆమోదించాయి. ఆడిటర్లని మార్చాలన్న నిబంధనా, లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చు చెయ్యాలన్న నిబంధనా ఒకే చట్టంలో పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. అదే 135వ సెక్షన్. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, ఏదో ఒకటి దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలు. మొదటి ఏడాది దేశం మొత్తమ్మీద సుమారు 10 వేల కోట్లు, 2022-23కి దాదాపు 30 వేల కోట్లు. ఏయే పనులకి ఖర్చుపెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో, కళా సంస్కృతుల పద్దు కింద, ప్రజా గ్రంథాలయాలు అన్న మాట కూడా ఉంది. 1860 చట్టంలోనూ ఉంది, 2013 చట్టంలోనూ ఉంది. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. అంటే చట్టం చదివితే మా మాస్టారు వెళ్ళిన చోటు సరైనదే.

అడ్డం పడేది నియమాల్లో. సొంతంగా ఖర్చుపెట్టుకోకుండా బయటి సంస్థ చేత పని చేయించాలంటే, ఆ సంస్థకి అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ళ అనుభవం ఉండాలని 2014 నియమాలు అన్నాయి. 2021 జనవరి 22న వచ్చిన సవరణ దానికి ఇంకా తోడు చేసింది. ట్రస్టో, సొసైటీయో, 8వ సెక్షన్ కంపెనీయో ఏదైనా సరే, 12ఎ, 80జి రెండూ ఉండాలి. ఆ ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. సంస్థ తరఫున ఒకరు డిజిటల్ సంతకం పెట్టాలి, ప్రాక్టీసులో ఉన్న సీఏనో కంపెనీ సెక్రటరీనో కాస్ట్ అకౌంటెంటో ధ్రువీకరించాలి. నిజం చెప్పాలంటే ఫారం చాలా తేలిక. ఫీజు లేదు, పంపగానే నంబరు వచ్చేస్తుంది. కష్టమంతా ఫారం వెనకాల. ఇది ఎవరి దగ్గర దాఖలు చెయ్యాలో తెలుసా? కంపెనీల రిజిస్ట్రారు దగ్గర. నూట అరవై ఏళ్ళు తిరిగి తిరిగి ఆ పాత గుమ్మం దగ్గరికే వచ్చాం. అప్పుడు యాభై రూపాయలతో నేరుగా లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం, ఇప్పుడు ఆ గుమ్మం తాకాలంటే ముందు ఇంకో మూడు గుమ్మాలు దాటాలి.

ఈ నియమాలకి కారణం లేదని నేననను. కాగితాల మీద మాత్రమే ఉన్న ట్రస్టులకి డబ్బిచ్చి, కొంత తీసుకుని మిగతాది వెనక్కి ఇప్పించుకునే పద్ధతి గురించి ఈ వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఒకే నంబరు ఉంటే ఏ సంస్థకి ఎన్ని కంపెనీల నుంచి ఎంత వచ్చిందో పట్టుకోవచ్చు. ఆ మేరకు మంచిదే. నా అభ్యంతరం వేరే. ఒక కంపెనీ తానే ఫౌండేషన్ పెట్టుకుంటే దానికి పన్ను రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్-1 కావాలి గానీ, మూడేళ్ళ అనుభవం అక్కర్లేదు. ప్రభుత్వం పెట్టిన సంస్థకీ అక్కర్లేదు. బయటివాళ్ళు ఏడుగురు కూడి పెట్టుకున్న దానికే కావాలి. అనుమానం అందరిమీదా సమానంగా లేదు. పెద్దవాళ్ళ కొత్త సంస్థని నమ్మొచ్చు, చిన్నవాళ్ళ పాత సంస్థని నమ్మలేం. దాంతో జరుగుతున్నదేమిటంటే, జిల్లా కేంద్రంలోనో హైదరాబాదులోనో అన్ని నంబర్లూ ఉన్న పెద్ద సంస్థ డబ్బు తీసుకుని, ఊళ్ళో చిన్న సంఘాన్ని ఫొటోలు తియ్యడానికీ జనాన్ని పోగెయ్యడానికీ వాడుకుంటుంది. నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో ఇది చాలాసార్లు చూశాను. పని ఊరివాళ్ళది, రిపోర్టు వాళ్ళది.

ఓ పొరపాటు కూడా ఇక్కడే సరిదిద్దాలి. నియమాల్లో ఉన్న 5 శాతం పరిపాలనా ఖర్చుల పరిమితిని చూపించి, మీ లైబ్రేరియన్ జీతం అందులోనే సర్దుకోమని కొన్ని కంపెనీలు చిన్న సంఘాలకి చెబుతుంటాయి. ఆ పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం మీద పెట్టుకునే ఖర్చుకి సంబంధించింది, పనిచేసే సంస్థ ఖర్చుకి కాదు. మంత్రిత్వ శాఖ వివరణల్లో ఈ ముక్క స్పష్టంగానే ఉంది. చదివేవాళ్ళే తక్కువ.

మాస్టారి ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను. పాత చట్టం కింద రిజిస్టరైన సంఘాలు 2001 చట్టం కింద ఉన్నట్టే లెక్క, కాబట్టి గుడ్డ అతికించిన ఆ కాగితం చెల్లుతుంది. కానీ ముప్పై ఏళ్ళుగా కార్యవర్గం జాబితా దాఖలు చెయ్యలేదు. పద్నాలుగు రోజుల గడువున్న పని అది! మినిట్స్ పుస్తకాలు వెతికి, ఏ ఏడు ఎవరు అధ్యక్షులో రాసి, జిల్లా రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఆ లెక్క సరిచేశాం. సంఘం పేరిట పాన్ కార్డు లేదు, తీసుకున్నాం. బ్యాంకు ఖాతా ఇన్నాళ్ళూ ముగ్గురు పెద్దల పేరిట ఉంది, అందులో ఇద్దరు లేరు. దాన్ని మార్చడానికి మూడు నెలలు పట్టింది. నియమావళిలో, సంఘం రద్దయితే పుస్తకాలు "పక్క గ్రామ గ్రంథాలయమునకు" ఇవ్వాలని 1950ల్లోనే రాసుకున్నారు. ఆడిటర్ అది చూసి, పన్ను శాఖకి కావలసిన మాట అప్పుడే రాసిపెట్టారండీ అని సంతోషపడ్డాడు.

12ఎ దగ్గర ఆగాం. అప్పటికే పనిచేస్తున్న సంస్థని గడిచిన మూడేళ్ళ లెక్కలు అడుగుతారు. మా దగ్గరున్నది చందాల రసీదు పుస్తకాలు, కరెంటు బిల్లులు, ఒక నోటు పుస్తకం. ఇక "మూడేళ్ళ అనుభవం" రుజువు. మాస్టారు ఆ మాట విని, మర్నాడు ఆటోలో పదకొండు రిజిస్టర్లు వేసుకుని ఆడిటర్ ఆఫీసుకి వచ్చారు. 1958 నుంచీ ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు తీసుకెళ్ళారో, ఎప్పుడు తిరిగిచ్చారో, ఆలస్యమైతే ఎంత జరిమానా కట్టారో అన్నీ ఉన్నాయి. కొన్ని పేజీల్లో మా నాన్న సంతకం ఉంది. ఆడిటర్ కుర్రాడే, మంచివాడు. ఓపిగ్గా రెండు రిజిస్టర్లు తిరగేశాడు. "మాస్టారూ, ఇవన్నీ నిజమేనండి. కానీ వాళ్ళు అడిగేది ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్లు. ఈ ఏడాది నుంచి పెట్టుకుందాం" అన్నాడు.

అలా మొదటి ఏడాది బ్యాలెన్స్ షీటు తయారైంది. ఆస్తుల పద్దులో పుస్తకాల విలువ ఎంత వెయ్యాలన్న దగ్గర పేచీ వచ్చింది. అట్టల మీద రూపాయి, రూపాయిన్నర అని ఉన్న పుస్తకాలు ఆరువేల పైచిలుకు. కొన్న ధరే వేద్దామన్నాడు ఆడిటర్. ఈలోగా స్లాబుకి ఊళ్ళో చందాలు వసూలు చేసి సిమెంటు పూత పూయించారు. ఈ వానాకాలం ఒక మూల మాత్రమే కారింది.